పదిహేను పడకల ఇజ్జత్

మన ఇళ్ళల్లో ఒక వింత హిసాబ్ నడుస్తోంది. కోడలికి నొప్పులొచ్చి దవాఖానాకి తీసుకెళ్తే గుమ్మంలోనే మనం అడిగే మొదటి మాట "లేడీ డాక్టర్ ఉన్నారా? లేడీ సిస్టర్ ఉన్నారా?" అని. అమ్మీకి గొట్టం వెయ్యాలన్నా, ఆపాకి ఇంజక్షన్ చెయ్యాలన్నా ఆడమనిషే రావాలి. అడగడం తప్పు కాదు. పర్దా మన హక్కు. కానీ ఆ సిస్టర్ ఎక్కడినుంచి రావాలి భాయ్? ఆస్మాన్ నుంచి దిగదు కదా! ఎవరిదో ఒక బేటీ రాత్రంతా మేలుకుని ఉంటేనే మన ఆడవాళ్ళ పర్దా నిలుస్తోంది. ఆ బేటీ మాత్రం మన ఇంట్లోంచి రాకూడదు. మన పిల్ల నర్సింగ్ చదువుతానంటే చాలు, "తౌబా! రాత్రి డ్యూటీలా? మగ మరీజుల్ని ముట్టుకోవాలా? రేపు రిష్తా ఎవరు తెస్తారు?" అని ఇల్లంతా ఏకమవుతుంది.

పరాయి వాళ్ళ కూతుళ్ళ నైట్ డ్యూటీతో మన ఇజ్జత్ కాపాడుకుంటాం. అదే డ్యూటీ మన కూతురు చేస్తే ఇజ్జత్ పోతుందంటాం. దీనికి షరాఫత్ అని పేరు పెట్టుకున్నారు గానీ, నా జబాన్‌లో దీని పేరు ఖుద్‌గర్జీ.

మజహబ్‌ని అడ్డం పెట్టుకునేవాళ్ళకి ఒకటే గుర్తుచేస్తాను. ఖందక్ జంగ్‌లో సాద్ బిన్ ముఆజ్ (రజి.) బాణం తగిలి పడిపోతే రసూలుల్లా (స.అ.) ఆయన్ని ఎక్కడ ఉంచమన్నారు? మదీనా మస్జిద్‌లో రుఫైదా అస్లమియ్యా (రజి.) వేసిన గుడారంలో. గాయపడ్డవాళ్ళకి ఆమె అక్కడే ఇలాజ్ చేసేది. ఉమ్మె అతియ్యా (రజి.) ఏడు గజ్వాల్లో జఖ్మీలకి మందు వేసి, బీమార్లను చూసుకున్నారు. ఫ్లోరెన్స్ నైటింగేల్ క్రిమియా యుద్ధానికి వెళ్ళింది 1854లో. మన దగ్గర ఆ ఖిద్మత్ అంతకు 1200 ఏళ్ళ ముందే మస్జిద్ ఆవరణలో మొదలైంది. ఈ ఖిస్సా బయాన్లలో విని సుభానల్లా అనేవాళ్ళే, ఇంటికొచ్చి కూతురి అప్లికేషన్ చింపేస్తే ఏమనాలి?

సరే, ఇప్పుడు జమానా కొంచెం మారింది. అల్‌హందులిల్లా, మా కర్నూలు వైపు కూడా మన పిల్లలు జీఎన్ఎంలో, బీఎస్సీ నర్సింగ్‌లో కనిపిస్తున్నారు. నా గొడవ ఇప్పుడు వాళ్ళని అసలు పంపని వాళ్ళతో కాదు. సగం దూరం పంపి వెనక్కి లాగేవాళ్ళతో. చదువు పూర్తవనిస్తారు. మొదటి నౌకరీ దగ్గరికొచ్చేసరికి అబ్బా, చాచా, మామూ అందరూ కూర్చుని, ఆ పిల్లని తప్ప అందర్నీ అడిగి ఫైస్లా చేస్తారు. ఆ ఫైస్లా పిల్ల జిందగీని ఎట్లా కురచ చేస్తుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు చదువు సంగతి. బీఎస్సీ నాలుగేళ్ళు, జీఎన్ఎం మూడేళ్ళు. బీఎస్సీకి బైపీసీ ఉండాలి. జీఎన్ఎంకి ఇంటర్‌లో ఏ గ్రూపైనా సరిపోతుంది. రెండు రాష్ట్రాల్లోనూ 2007 నుంచి బీసీ-ఇ కింద మనవాళ్ళకి 4 శాతం రిజర్వేషన్ ఉంది. సీటు రావడం ఒక ఎత్తు, మొదటి సంవత్సరం గట్టెక్కడం ఇంకో ఎత్తు.

నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. ఆ తర్వాత తెలుగులో డిగ్రీ చేశాను. ఒక జబాన్‌లో ఆలోచించి ఇంకో జబాన్‌లో ఇమ్తెహాన్ రాయడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఉర్దూ మీడియం పిల్లకి గుర్దా తెలుసు, జిగర్ తెలుసు, ఫేఫ్‌డా తెలుసు. అనాటమీ క్లాసులో అవే రీనల్, హెపాటిక్, పల్మనరీ అయ్యేసరికి తనకేమీ రాదనుకుంటుంది. రాకపోవడం కాదు, పేర్లు మారాయి అంతే. ఒక నోట్‌బుక్ పెట్టి రోజుకి పది మాటలు ఇటు ఉర్దూ, అటు ఇంగ్లిష్ రాసుకుంటే ఆరు నెలల్లో ఆ గోడ కూలుతుంది. కానీ మనం ఆరు నెలలు ఆగం. ఒక సబ్జెక్ట్ పోగానే "చదువు నీ వల్ల కాదులే, మంచి రిష్తా వచ్చింది" అంటాం. ఒక సబ్జెక్ట్ పోతే మళ్ళీ రాసుకోవచ్చు. మధ్యలో ఆపిన చదువుని ఎవరు తిరిగిస్తారు?

ఇక మొదటి నౌకరీ. నాకు తెలిసిన ఒకమ్మాయి జీఎన్ఎం మంచి మార్కులతో పాసైంది. హైదరాబాద్‌లో ఒక పెద్ద ఆసుపత్రి ఇంటర్వ్యూలో సెలెక్ట్ అయింది. హాస్టల్ కూడా ఇస్తామన్నారు. ఇంట్లో ఒప్పుకోలేదు. రెండు గల్లీల అవతల పదిహేను పడకల నర్సింగ్ హోమ్‌లో చేర్చారు. కారణం రెండే మాటలు: ఇంటి పక్కనే, మాలిక్ మనోడే. జీతం 9 వేలు. అపాయింట్‌మెంట్ లెటర్ లేదు. ఒరిజినల్ సర్టిఫికేట్లు మాలిక్ బీరువాలోకి పోయాయి. రెండేళ్ళలో ఆ పిల్ల వెంటిలేటర్ ఎట్లా ఉంటుందో చూడలేదు. ఓపీ చీటీలు రాసింది, బిల్లులు వేసింది, ఆయా రానిరోజు ఊడ్చింది. మానేస్తానంటే సర్టిఫికేట్ల కోసం మూడు నెలల జీతం కట్టమన్నాడు ఆ "మనోడు".

దీన్ని ఒక పిల్ల బద్‌నసీబ్ అనుకోకండి. నర్సు జిందగీలో మొదటి ఆసుపత్రికి ఎన్ని పడకలున్నాయన్నది ఊరికే కాగితం మీద అంకె కాదు. ఎయిమ్స్ ఆసుపత్రుల్లో నర్సింగ్ ఆఫీసర్ల కోసం నార్సెట్ అనే పరీక్ష ఉంది. మనకి దగ్గర్లో మంగళగిరి ఎయిమ్స్, బీబీనగర్ ఎయిమ్స్ రెండూ ఉన్నాయి. ఆ పోస్టు మూలవేతనం 44,900 రూపాయలు, అలవెన్సులు దానిమీద. బీఎస్సీ చేసిన పిల్ల స్టేట్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంటే నేరుగా రాయొచ్చు. జీఎన్ఎం చేసిన పిల్లకి మాత్రం రెండేళ్ళ తజుర్బా కావాలి. అదీ కనీసం 50 పడకల ఆసుపత్రిలో. అంటే పదిహేను పడకల నర్సింగ్ హోమ్‌లో పదేళ్ళు చాకిరీ చేసినా ఆ పరీక్ష లెక్కలో అది సున్నా. "ఇంటి పక్కనే" అని మీరు మురిసిపోయారే, ఆ రెండు గల్లీల దూరం మీ కూతురికి ఎంత ఖరీదైందో ఇప్పుడు లెక్కేసుకోండి.

జీతం లెక్కా పడకలతోనే ఉంది. ప్రైవేటు నర్సుల జీతాలపై వేసిన కేసులో 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశిస్తే కేంద్రం కమిటీ వేసింది. ఆ కమిటీ ఏం సిఫారసు చేసింది? 200 పైన పడకలుంటే ప్రభుత్వ నర్సుతో సమానం. 100 నుంచి 200 వరకైతే ప్రభుత్వ జీతం కన్నా 10 శాతానికి మించి తగ్గకూడదు. 50 నుంచి 100 అయితే 25 శాతానికి మించి తగ్గకూడదు. 50 కన్నా తక్కువున్నా 20 వేలకి తగ్గకూడదు. ఇది సిఫారసే, అమలు చెయ్యాల్సింది రాష్ట్రాలు. కేరళలో నర్సులు రోడ్డెక్కి కొట్లాడారు, 2018లో ప్రైవేటు ఆసుపత్రుల్లో కనీసం 20 వేలు అని అక్కడి సర్కార్ నోటిఫికేషన్ ఇచ్చింది. అక్కడి తల్లిదండ్రులు కూతుళ్ళని దూరం పంపారు, కూతుళ్ళు హక్కు అడగడం నేర్చుకున్నారు. మనం కూతుళ్ళకి "జో మిలా, షుకర్ కరో" నేర్పాం. షుకర్ అల్లాకి చెయ్యాలి. జీతం ఎగ్గొట్టే మాలిక్‌కి కాదు.

ఇక్కడ మన బిరాదరీ డాక్టర్ సాబ్‌లతో, నర్సింగ్ హోమ్ మాలిక్‌లతో ఒక మాట. రంజాన్‌లో ఇఫ్తార్ దావత్‌లు ఇస్తారు, ఫ్రీ క్యాంపులు పెడతారు, మాషాల్లా. కానీ మీ దగ్గర పనిచేసే పిల్ల జీతం అడిగితే "ఇది ఖిద్మత్ బేటీ, సవాబ్ దొరుకుతుంది" అంటారు. ఖిద్మత్ ఆమెది, ఫీజు మీది, ఇదెక్కడి ఇన్సాఫ్? కూలి చేసినవాడి చెమట ఆరకముందే మజ్దూరీ ఇవ్వాలని చెప్పే దీన్ మనది. ఆ పిల్ల సర్టిఫికేట్లు మీ బీరువాలో ఎందుకున్నాయి? అవి ఆమె మెహనత్, ఆమె అబ్బా తెచ్చిన అప్పు. అమానత్ కూడా కాదు, మీరు పట్టుకున్న తాకట్టు.

మరి ఏం చూసి పంపాలి? మాలిక్ పేరు కాదు, ఇవి చూడండి. కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ పూర్తయ్యాకే నౌకరీ మాట. పడకలు 50 పైన, కుదిరితే 100 పైన ఉండాలి. ఐసీయూ, లేబర్ రూమ్, ఆపరేషన్ థియేటర్ ఉండి, కొత్త పిల్లని సీనియర్ పక్కన పెట్టి నేర్పాలి. చేరిన వారంలోనే రాత్రిపూట ఒంటరిగా వార్డు అప్పగించే చోటు వద్దు. అది మరీజ్‌కీ ఖతరా, పిల్లకీ ఖతరా. జీతం, డ్యూటీ గంటలు, సెలవులు రాసిన అపాయింట్‌మెంట్ లెటర్ చేతికి రావాలి. పీఎఫ్, ఈఎస్ఐ అడగాలి. సూది గుచ్చుకుంటే ఏం చేస్తారు, హెపటైటిస్-బి టీకా మూడు డోసులూ వేయిస్తారా అని అడగాలి. పదిమంది పైన పనిచేసే ప్రతిచోటా 2013 చట్టం ప్రకారం ఆడవాళ్ళ ఫిర్యాదులు వినే కమిటీ ఉండాలి. అది ఉందా, అందులో ఎవరున్నారు అని అడగాలి. ఒరిజినల్స్ చూపించాలి, జిరాక్స్ ఇవ్వాలి, ఇంటికి తెచ్చుకోవాలి.

మనవాళ్ళు అడిగేది ఒక్కటే, "స్కార్ఫ్ వేసుకోనిస్తారా?" అని. అడగండి, తప్పకుండా అడగండి. చేరాక గొడవపడేకన్నా ఇంటర్వ్యూలోనే సాఫ్‌గా తేల్చుకోవడం మంచిది. థియేటర్‌లో అయితే అందరి తలలూ కప్పే ఉంటాయి, మొహానికి మాస్కూ ఉంటుంది. చేతులు కడిగేటప్పుడు మాత్రం చేతులు పైకి మడవాల్సిందే. అది మరీజ్ ప్రాణం కోసం, మన పట్టింపు కోసం ఆగదు. అయితే స్కార్ఫ్ ఒక్కటి ఒప్పుకున్నారని మిగతా పది విషయాలూ వదిలేస్తే, మీరు చూసింది బేటీ హిఫాజత్ కాదు, మొహల్లా నోళ్ళని.

నైట్ డ్యూటీకి భయపడే అబ్బాజాన్లకి నేను చెప్పేది ఒకటే. భయం ఝూట్ కాదు. ఆసుపత్రులు అన్నీ సేఫ్ అని నేననను. కానీ జాగ్రత్త ఎక్కడ ఎక్కువ? నాలుగు వందల పడకలు, రాత్రంతా పదుల మంది సిస్టర్లు, సెక్యూరిటీ, హాస్టల్, కమిటీ ఉన్నచోటా? లేక రాత్రి పదింటికి డాక్టర్ ఇంటికెళ్ళిపోతే ఒక్క పిల్ల, ఒక్క కాంపౌండర్ మిగిలే పదిహేను పడకల ఇంటి పక్క దవాఖానాలోనా? కర్నూలు పెద్దాసుపత్రిలోనో, ఉస్మానియాలోనో రాత్రి పన్నెండుకి ఒకసారి వెళ్ళి కూర్చోండి. డ్యూటీలో ఉన్న ఆడపిల్లల్ని చూడండి. వాళ్ళూ ఒక అబ్బా కన్నబిడ్డలే.

రిష్తా సంగతికొస్తే, 2024 జనవరిలో తెలంగాణ సర్కార్ దాదాపు 7 వేలమంది స్టాఫ్ నర్సులకి నియామక పత్రాలిచ్చింది. అట్లాంటి ఒక్క కాగితం చేతికొస్తే, నిన్నటిదాకా "నర్సు వద్దు" అన్న ఇళ్ళే సలాం చెప్పుకుంటూ వస్తాయి. జీతం చూసి ఒప్పుకున్న ఆ ఇళ్ళకి అసలు ఇవ్వాలా వద్దా అన్నది మీరు మీ బేటీని అడిగి తేల్చుకోండి. ఈసారైనా ఆమెని అడగండి.

బేటీ, చివరిమాట నీకే. పెద్దవాళ్ళ అదబ్ వదలొద్దు. కానీ నీ రిజిస్ట్రేషన్ మీద ఉన్నది నీ పేరు, వార్డులో తప్పు జరిగితే జవాబు చెప్పాల్సింది నువ్వు. అందుకే ఏ వార్డులో నిలబడాలో చెప్పే హక్కూ నీదే. మొదటి రెండేళ్ళు నేర్పే చోట నిలబడు. అబ్బా దగ్గర కూర్చుని పడకల లెక్క, జీతం లెక్క కాగితం మీద వేసి చూపించు. ఆయన ఇంకా వద్దంటే ఈ రాసిందంతా చదివి వినిపించు. కోపం వస్తే నా మీద రానీ.