కంప్యూటర్ కబుర్లు: తిరిగొచ్చిన ఉత్తరం



మన సంఘం వెబ్‌సైటు నుంచి ఆహ్వానాలు పంపే చిన్న ప్రోగ్రాం రాసింది నేనే. సులైబియాలో డ్యూటీ దిగి ఇంటికొచ్చాక, రాత్రిళ్లు కూర్చుని పీహెచ్‌పీలో రాశాను. మెయిల్ ఫంక్షన్ ప్రతిసారీ "ట్రూ" అని చెబుతుంటే, అందరికీ అందుతున్నాయనే అనుకున్నాను.

కిందటేడు ఉగాదికి కడప వైపు కుటుంబం ఒకటి రాలేదు. తర్వాత ఫోన్ చేస్తే, "మమ్మల్ని పిలవలేదు కదన్నా" అన్నాడాయన. నాకు తల తీసేసినట్లయింది.

"ట్రూ" అంటే ఉత్తరం పోస్టు డబ్బాలో పడిందని మాత్రమే, ఇంటికి చేరిందని కాదు. చేరని మెయిల్ వెనక్కి వస్తుంది. దాన్నే బౌన్స్ అంటారు. అది మనకు అందాలంటే కవరు మీద తిరుగు చిరునామా, అంటే రిటర్న్ పాత్, సరిగ్గా ఉండాలి. నేను అది ఇవ్వలేదు. బౌన్సులన్నీ సర్వర్లో ఎవరూ తెరవని పెట్టెలో పడి ఉన్నాయి. వెతికితే ఆయనది దొరికింది: "550, అటువంటి మెయిల్‌బాక్సు లేదు."

అది కంపెనీ అడ్రసు. అప్పటికి రెండు నెలల క్రితమే ఆయన ఉద్యోగం పోయింది. ఉద్యోగం లేనివాణ్ణి పక్కన పెట్టామనుకున్నాడట! అకామా చిక్కుల్లో ఒంటరిగా తిరుగుతున్న మనిషి కబురు మా సర్వర్లోనే ఉంది, మేమే చదవలేదు.

ఈ మూడంకెల జవాబులు 1982లో జాన్ పోస్టెల్ రాసిన ఎస్ఎంటీపీ నియమాల్లోనే ఉన్నాయి. 5తో మొదలైతే శాశ్వతం, ఆ అడ్రసుకు మళ్లీ పంపకూడదు. 4తో మొదలైతే తాత్కాలికం, సర్వరే నాలుగైదు రోజులు ప్రయత్నిస్తుంది. స్పామ్‌లో పడ్డవి మాత్రం బౌన్స్ కావు. అందుకు మన పేరుతో పంపే అధికారం ఏ సర్వర్లకుందో చెప్పే ఎస్‌పీఎఫ్, సంతకం లాంటి డీకిమ్ పెట్టుకోవాలి. ఈ రెంటిలో కనీసం ఒకటి ఉండాలని జీమెయిల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి పట్టుబడుతున్నాయి.

ఇవన్నీ ఇప్పుడు సరిచేశాను. బౌన్సులు నేరుగా కార్యదర్శి గారికి వెళ్తాయి. 550 వచ్చిన రోజే ఆ ఇంటికి ఫోన్ చేస్తున్నాం.

ఒక్క మనవి. సభ్యత్వ ఫారంలో ఆఫీసు అడ్రసు కాకుండా మీ సొంత ఈమెయిల్, ఫోన్ నంబరు రాయండి. ఉద్యోగాలు మారతాయి, మనం మాత్రం ఒకరికొకరం దొరుకుతూ ఉండాలి.