ఇంజెక్టరూ, బావగారి వేలూ

క్రిందటి వారం కుట్టుమిషను సంగతి రాశాను. దాని మీద కొందరు పాఠకులు, "ఎంతసేపూ పట్నం వాళ్ళ యంత్రాలేనా? పల్లెటూళ్ళో మా ఆయిల్ ఇంజను మీ కంటికి ఆనలేదా?" అని నిష్ఠూరమాడారు. నిష్ఠూరం న్యాయమైనదే. అంచేత యీ వారం దాని సంగతే చెప్పుకుందాం. అందులోనూ, ఇంజను మొరాయించినప్పుడల్లా అందరూ ముందుగా నింద వేసే ఇంజెక్టరు సంగతి.

మా అక్కయ్యగారిది పల్నాడు. వాళ్ళ మిరప తోటకు వాగులోంచి నీళ్ళు తోడాలి. వాగు ఒడ్డుకు కరెంటు లైను లేదు. ఐదు హార్స్ పవర్ డీజిల్ ఇంజను ఒకటి యెన్నో యేళ్ళుగా ఆ పని చేస్తోంది. మొన్న సంక్రాంతికి నేను వెళ్ళేసరికి, సరిగ్గా భోగి నాడు అది పేచీ పెట్టింది. సాఫీగా కొట్టుకుంటూ కొట్టుకుంటూ మధ్య మధ్య ఒక దెబ్బ మింగేస్తోంది. గొట్టంలోంచి నల్లటి పొగ. నీళ్ళ ధార సగానికి పడిపోయింది.

"చెట్ల నిండా కాయ వుందిరా తమ్ముడూ. యీ తడి అందకపోతే పై కాపు దక్కదు. నరసరావుపేటలో దుకాణాలు కనుమ దాటితేగాని తెరవరు" అని అక్కయ్య దిగులు పడింది.

మా మేనల్లుడు ఇంజనీరింగు చదువుతున్నాడు. ఒడ్డున నిలబడే తీర్పు చెప్పేశాడు.

"ఇంజెక్టరు పోయింది నాన్నా. మార్చెయ్యాల్సిందే."

"చూశావుట్రా?" అన్నారు బావగారు.

"చూడ్డం యెందుకు? నల్ల పొగ వస్తే అదే."

"జ్వరం వస్తే మలేరియాయేనా?" అన్నారు ఆయన, పంచె యెగగట్టుకుంటూ.

ఇంతకీ యీ ఇంజెక్టరు చేసే పనేమిటి? పెట్రోలు ఇంజనులో లాగా డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు వుండదు. సిలిండరులోని గాలిని పదహారో పదిహేడో వంతుకు అదిమేస్తే, ఆ గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. సరిగ్గా ఆ క్షణంలో డీజిల్‌ను మంచులాగా చిమ్మాలి. చిమ్మగానే అంటుకుంటుంది. చిమ్మేది ఇంజెక్టరు. రుడాల్ఫ్ డీజిల్ 1890లలో తన ఇంజను తయారు చేసినప్పుడు, నూనెను లోపలికి వూదడానికి గాలి కంప్రెసరు ఒకటి పక్కన పెట్టుకోవలసి వచ్చింది. 1927లో రాబర్ట్ బాష్ కంపెనీ, డీజిల్‌ను నేరుగా వొత్తి పంపే పంపులను పెద్దయెత్తున తయారు చేయడం మొదలుపెట్టాక ఆ బరువు తప్పింది. ఇప్పుడు మన వాగు వొడ్డు ఇంజనులో సైతం, చదరపు సెంటీమీటరుకు ఇంచుమించు 200 కిలోల వొత్తిడి వస్తేగాని ఇంజెక్టరు నోరు తెరవదు. కారు టైరులో వుండే గాలికి అది వంద రెట్లు! యీ అంకె గుర్తుంచుకోండి. తర్వాత దీనితో పనివుంది.

బావగారు ముందుగా ఇంజెక్టరును ముట్టుకోలేదు. చవకగా తేలే అనుమానాలన్నీ ఒక్కొక్కటే తీర్చుకున్నారు. టాంకులో డీజిల్ వుందా? వుంది. ఫిల్టరు విప్పితే అడుగున చారెడు నీళ్ళు, మడ్డి. శుభ్రం చేశారు. గాలి ఫిల్టరు దులిపారు. అది మూసుకుపోయినా నల్ల పొగ వస్తుంది గదా! ఫిల్టరు విప్పినప్పుడు గొట్టాల్లోకి గాలి చేరుతుంది. అందుకని గాలి తీసే మరను కొద్దిగా వదులు చేసి, బుడగలు ఆగి వట్టి డీజిల్ వచ్చేదాకా వుంచి బిగించారు. నూటికి సగం జబ్బులు ఇక్కడే కుదురుతాయంటారాయన. కాని మా ఇంజను కుదరలేదు. అదే పొగ, అదే తడబాటు.

తర్వాత చెవి పరీక్ష. డీకంప్రెషన్ లివరు యెత్తి, హ్యాండిలుతో ఇంజనును మెల్లగా తిప్పారు. ఆరోగ్యంగా వున్న ఇంజెక్టరు, డీజిల్ చిమ్మే క్షణంలో కిర్రుమని చప్పుడు చేస్తుంది. మాది మూగనోము పట్టింది. పైగా నూనె పుల్ల తీసి చూస్తే ఇంజను ఆయిలు మట్టం పెరిగి, పలచబడి, డీజిల్ వాసన కొడుతోంది. అంటే డీజిల్ మంచులా కాక చుక్కలుగా కారి, కాలకుండా కిందికి దిగుతోందన్నమాట.

"ఇప్పుడు అనుమానపడు. తప్పులేదు" అన్నారు కొడుకుతో.

విప్పడంలో ఆయన పాటించిన వరస ఇది. ముందు ఇంజెక్టరు చుట్టూ వున్న మట్టీ మసీ డీజిల్ గుడ్డతో తుడిచారు. విప్పాక ఆ మట్టి సిలిండరులో పడకూడదు. వొత్తిడి గొట్టం రెండు కొసలా వూడదీశారు. మిగులు డీజిల్ వెనక్కి పోయే సన్న గొట్టం తీశారు. రెండు నట్లూ కొంచెం ఇటూ కొంచెం అటూ వదులు చేసి, ఇంజెక్టరును మెల్లగా తిప్పుతూ నిటారుగా పైకి లాగారు. సుత్తి మాట తలపెట్టలేదు. ఆ గుంటను శుభ్రమైన గుడ్డతో మూశారు.

ఇక కంటి పరీక్ష. ఇంజెక్టరును మళ్ళీ గొట్టానికి తగిలించి, ముక్కు బయటి వైపుకు, మనుషులెవరూ లేని వైపుకు తిప్పారు. బీడీ కాలుస్తున్న పక్క చేను ఆసామిని దూరం పంపారు. నేను హ్యాండిలు తిప్పాను. మంచి ఇంజెక్టరైతే సాంబ్రాణి పొగలాగా సన్నగా చిమ్మి, టక్కున ఆగి, ముక్కు పొడిగా వుండాలి. మాది హోళీ పిచికారీలాగా ధారకట్టి, ఆగిన తర్వాత కూడా చుక్కలు కార్చింది.

"అబ్బ, యెంత ఫోర్సో!" అంటూ మా వాడు వేలు చాచాడు.

బావగారు వాడి చెయ్యి పట్టి లాగిన లాగుడుకు, వాడు వెళ్ళి మట్టిలో కూర్చున్నాడు. ఆయన కొడుకు మీద చెయ్యి చేసుకోవడం నేనెన్నడూ యెరగను. కాసేపు యెవరూ మాట్లాడలేదు. అప్పుడాయన తన కుడిచేతి చూపుడు వేలు చూపించారు. అది సగమే వుంటుంది. చెరకు మిషనులో పడిందని మేమంతా అనుకుంటూ వచ్చాం.

"నాకూ నీ వయస్సే అప్పుడు. వేలు పెట్టాను. సూది గుచ్చినంత యెర్ర చుక్క, అంతే. నొప్పి కూడా లేదు. తుడుచుకుని పడుకున్నాను. తెల్లారేసరికి చెయ్యి వాచింది. రెండో రోజుకు వేలు నల్లబడింది. డాక్టరుగారు, 'నిన్ననే రావలసింది' అన్నారు."

పాఠకులు యీ మాట గట్టిగా గుర్తు పెట్టుకోవాలి. 200 కిలోల వొత్తిడితో వచ్చే డీజిల్‌కు చర్మం అడ్డుకాదు. గాయం కనపడదు, లోపల నూనె వేలు పొడుగునా పాకిపోతుంది. అలా జరిగితే నొప్పి వున్నా లేకున్నా, ఆ గంటలోనే పెద్దాసుపత్రికి వెళ్ళి "వొత్తిడి మీద డీజిల్ లోపలికి దూరింది" అని స్పష్టంగా చెప్పాలి. దానికి శస్త్రచికిత్స కావాలి. పసుపూ పట్టీ పనికిరావు.

మిగతా పని సులువుగానే జరిగింది. పేటలో పరీక్ష చేయించిన ఇంజెక్టరు ఒకటి, నూనె గుడ్డలో చుట్టి డబ్బాలో దాచి వుంచారు బావగారు. మా వాడు కొత్త రాగి వాషరు వెయ్యబోతే ఆపి, గుంటలోకి టార్చి వేయించారు. పాత వాషరు అడుగున అతుక్కునే వుంది! అది తియ్యకుండా దాని మీద ఇంకొకటి వేస్తే ఇంజెక్టరు ముక్కు వుండవలసిన లోతులో వుండదు. వంచిన తీగతో దాన్ని పైకి తీసి, కొత్తది వేసి, రెండు నట్లూ సమానంగా కొద్దికొద్దిగా బిగించారు. వొత్తిడి గొట్టం నట్టు ఒక చుట్టు వదులుగా వుంచి, ఇంజను తిప్పి గాలి పోగొట్టి, ఆ తర్వాత బిగించారు. మూడో తిప్పుకు ఇంజను అందుకుంది. పొగ తేలిపోయింది. నీళ్ళు కాలవ నిండా వచ్చాయి.

చెడిన ఇంజెక్టరును ఇంట్లోనే విప్పి బాగుచెయ్యరాదా అని మీరడగవచ్చు. వద్దు. దాని సూదికీ వొరకూ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లే; వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కాబోలు. ఒకదాని సూది ఇంకొకదానికి నప్పదు. రంధ్రంలో తీగ పెట్టి పొడిస్తే వున్నదీ పోతుంది. వొత్తిడి కొలిచే పరికరం దుకాణంలోనే వుంటుంది. చెడిందో లేదో తేల్చడం, మార్చడం మన పని. నాజిల్ మార్చి వొత్తిడి సరిచూడడం వాళ్ళ పని. ఇంజెక్టరు మార్చినా పొగ తగ్గకపోతే, వాల్వులూ పంపూ చూడడానికి మెకానిక్కును పిలవాలి.

మరో హెచ్చరిక. ఇదంతా పాతరకం ఒంటి సిలిండరు ఇంజనుకే. ఇప్పటి డీజిల్ కార్లలో కామన్ రైలు పద్ధతి వుంది. అందులో వొత్తిడి 2000 కిలోల దాకా పోతుంది. దాని జోలికి ఇంట్లో పోవద్దు.

కనుమ నాటి సాయంత్రం మేనల్లుడు ఇంజను పక్కన కూర్చుని, చెడిన ఇంజెక్టరును గుడ్డలో చుడుతున్నాడు. పక్క చేను ఆసామి తన ఇంజను కూడా పొగ వదులుతోందనీ, ఇంజెక్టరు పోయినట్టేననీ వచ్చి చెప్పాడు.

మా వాడు తలెత్తి, "చూశారా?" అన్నాడు.

బావగారు విననట్టే వాగు వైపు తిరిగారు.