ఆపుటయు నొక విద్యయే

కారు కొన్నవాడు దాని వేగమును గూర్చియు, లీటరు పెట్రోలుకు ఎన్ని కిలోమీటర్లు నడచునను దానిని గూర్చియు బంధుమిత్రులతో ముచ్చటించును. చక్రము వెనుక దాగియున్న బ్రేకు ప్యాడ్లను గూర్చి మాత్రము, అవి అరిగి కీచుమని మొరపెట్టువరకు, అతనికి తలంపే రాదు. తన ప్రాణమును, దారిని పోవు పసిపిల్లల ప్రాణమును కాపాడునది వ్రేలెడు మందము గల ఆ పలకలే యని ఎరిగినవారు తక్కువ.

ఇటీవల ఆ ప్యాడ్లను ఇంటియొద్దనే స్వయముగా మార్చుకొనవలెనను ఉత్సాహము కొందరిలో కనబడుచున్నది. దీనిపై రెండు అభిప్రాయములు వినవచ్చుచున్నవి. బ్రేకులతో చెలగాటము తగదు, మెకానిక్కు పని మెకానిక్కునకే విడువవలెననునది ఒకటి. నాలుగు బోల్టులు విప్పి బిగించుటలో బ్రహ్మవిద్య యేమున్నదనునది రెండవది. రెండింటను సత్యము కొంత కలదు, రెండును అసంపూర్ణములే.

ముందు ఆ యంత్రము పనిచేయు తీరును చూతము. కాలితో పెడలును నొక్కినపుడు ఆ ఒత్తిడి గొట్టములలోని బ్రేకు ఆయిలు ద్వారా చక్రమును చేరును. 17వ శతాబ్దమున ఫ్రాన్సు దేశీయుడగు బ్లేజ్ పాస్కల్ తెలిపిన ద్రవసూత్రమే ఇచ్చట పనిచేయుచున్నది. క్యాలిపర్‌లోని పిస్టన్ ముందుకు జరుగగా, ప్యాడ్లు చక్రముతోపాటు తిరుగు డిస్కును ఇరుప్రక్కల అదిమి పట్టును. బండి వేగమంతయు రాపిడిచే వేడిగా మారును. వేగము రెండింతలైనచో అణచవలసిన శక్తి నాలుగింతలగును. ఆంగ్లేయుడగు ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే డిస్కు బ్రేకునకు పేటెంటు పొందెను. కాని 1953లో లె మాన్ పందెమున డిస్కు బ్రేకులు గల జాగ్వార్ కారు గెలిచిన పిమ్మటనే దాని విలువ లోకమునకు చక్కగా తెలిసినది. నమ్మకముగా ఆగగలిగిన బండియే నిర్భయముగా పరుగెత్తగలదని ఆ పందెము చాటినది.

తొలిమారు ఈ పనికి పూనుకొనువానికి అపాయము బలము చాలకపోవుటవలన రాదు. క్రమము తప్పుటవలన వచ్చును. చదునైన నేలపై బండిని నిలిపి, నేలపైనుండు చక్రములకు రాళ్ళు అడ్డుపెట్టవలెను. జాకీ నొక్కదానినే నమ్మక, స్టాండు కూడ ఉంచవలెను. విప్పిన క్యాలిపర్‌ను దాని గొట్టముపై వ్రేలాడనీయక తీగతో కట్టవలెను. పిస్టన్‌ను వెనుకకు నెట్టునపుడు డబ్బాలోని ఆయిలు మట్టము పెరుగును. అది పొరలి పడినచో బండి రంగును తినివేయును. దుమ్మును నోటితో ఊదరాదు. పూర్వపు ప్యాడ్లలో ప్రాణహానికరమగు రాతినార సైతము ఉండెడిది. క్రొత్త ప్యాడ్లకు జిడ్డు సోకరాదు. ఒక ఇరుసునకు రెండువైపులను ఒకేసారి మార్చవలెను.

ఇంతయు చేసి, చక్రము బిగించి, ఇక పని ముగిసినదని తలచు క్షణమే అన్నిటికంటె అపాయకరమైనది. వెనుకకు నెట్టబడిన పిస్టన్ ఇంకను ప్యాడును తాకియుండదు. మొదటిమారు నొక్కిన పెడలు ఏ అడ్డును లేక అడుగునకు పోవును. బండిని కదల్చకమునుపే పెడలు గట్టిపడువరకు పలుమారులు నొక్కవలెను. పిమ్మట జనసంచారము లేనిచోట మెల్లగా నడిపి పరీక్షింపవలెను. ఆ సంగతి మరచినవాడు బ్రేకులు లేని బండిని వీథిలోనికి తెచ్చినవాడగును.

కావున ఈ పనికి కావలసిన అర్హత సాహసము కాదు, సంశయము. మర చెడిన బోల్టు, కదలని పిస్టన్, కారుచున్న ఆయిలు, గాడులు పడిన డిస్కు, వెనుక చక్రములకు విద్యుత్తుతో పనిచేయు పార్కింగు బ్రేకు — వీనిలో ఏది ఎదురైనను చేయి ఆపి మెకానిక్కును పిలువగలవాడే ఈ పనికి తగినవాడు. మొదటిసారి అనుభవము గలవాని ఎదుటనే చేయుట మేలు. అట్లు చేసినవానికి మెకానిక్కుపై చులకన భావము తొలగి గౌరవము పెరుగును. నూనె మరకల చేతులలో ఎంత శాస్త్రమున్నదో అప్పుడు తెలియును.

ఈ చర్చలో ఉపాధ్యాయులకును పాలు కలదు. పాస్కల్ సూత్రమును తప్పు లేక వ్రాసి పూర్తి మార్కులు పొందిన విద్యార్థికి, అది తన తండ్రి కారు క్రిందనే యున్నదని తెలియకపోవుట మన చదువులోని లోపము. 1937లో వార్ధా సమావేశమున గాంధీజీ చేతిపనిని చదువునకు కేంద్రముగా చేయవలెనని కోరెను. 2020 నాటి జాతీయ విద్యావిధానము 6 నుండి 8వ తరగతి వరకు గల పిల్లలకు పుస్తకాల సంచి లేని 10 దినములను సూచించినది. ఆ దినములలో ఒకనాడు ఊరి మెకానిక్కును పాఠశాలకు పిలిచి గురుపీఠమున కూర్చుండబెట్టినచో తప్పేమి? బాలురచేత, బాలికలచేత బ్రేకులు విప్పింపనక్కరలేదు. క్రొత్త ప్యాడును, అరిగిన ప్యాడును చేతికిచ్చి కొలువుమనిన చాలును. క్రొత్తదానియందు రాపిడి పదార్థము సుమారు 10 మిల్లీమీటర్లుండును. 3 మిల్లీమీటర్లకు దిగినచో మార్చవలెనని సామాన్య నియమము. ఆ 7 మిల్లీమీటర్ల అరుగుదలలో ఎన్ని ప్రాణములు నిలిచినవో ఆలోచింపుమని చెప్పవచ్చును.

వేగమును నేర్పువారికి లోకమున కొదువ లేదు. ఎచ్చట ఆగవలెనో నేర్పు భారము మాత్రము నేటికిని బడిదే.