స్క్రిప్టుకి మేక్‌ఫైల్ దేనికంటారా?

"స్క్రిప్టుని కంపైల్ చెయ్యక్కర్లేదుగా, మేక్‌ఫైల్ దేనికి?" అనే మేధావులకి ఓ మాట. గ్నూ మేక్‌లో షెల్ స్క్రిప్టులకి ముందే ఓ రూలుంది. అది చేసేదల్లా ఫైలుని ఎక్స్‌టెన్షన్ లేకుండా కాపీ చేసి, రన్ పర్మిషన్ ఇవ్వడమే. లోపల ఓ కోట్ మూయకపోయినా సరే, ఆశీర్వదించి పంపేస్తుంది!

విశాఖలో కూర్చున్నవాళ్ళకి ఇబ్బంది లేదు, దిద్దుకుని మళ్ళీ రన్ చేస్తారు. అనంతగిరి ఘాట్ దాటి అరకులో, సిగ్నల్ అందని ఊళ్ళో ఓ స్కూలు కంప్యూటర్‌లో అది ఆగిపోతే?

ఆ రూలుని మీరే తిరగరాయండి. కాపీకి ముందు, ట్యాబ్ కొట్టి, ఒక్క లైను: బ్యాష్ -ఎన్. సింటాక్స్ తప్పుంటే మేక్ అక్కడే ఆగుతుంది. పైథాన్‌కి అసలు రూలే లేదు, పై_కంపైల్‌తో రాసుకోవాల్సిందే. లాజిక్ తప్పులు ఇవి పట్టవు, నిజమే. కానీ ఒక్క కోట్ కోసం మనిషిని మళ్ళీ ఘాట్ ఎక్కించడం న్యాయమా? మీరే చెప్పండి.