వాకిట్లో పరిచే రాయి, రాతి కింది నేల

వాకిలి అన్న మాటలో నోరు దాగి ఉన్నది. వాయి అంటే నోరు. దానికి ఇల్లు చేరితే ఇంటి నోరు. తమిళులు నేటికీ ద్వారాన్ని వాయిల్ అనే అంటారు. పాఠం చెప్పిన అలవాటు కొద్దీ మాటతో మొదలుపెట్టాను గానీ, నేను చెప్పదలచినది వ్యాకరణం కాదు. ఆ వాకిట్లో రాయి పరిపించే పనిని ఎవరికి, ఏ విధంగా అప్పగించాలన్నది విషయం.

ఇంటికి కారు వచ్చిన మరుసటి నెలలోనే మట్టి వాకిలి మాయమవటం మన పట్టణాలలో ఆనవాయితీ అయింది. కడప నల్లరాయి, బేతంచెర్ల నాపరాయి, తాండూరు రాయి ఒకప్పటి ఎంపికలు. ఇప్పుడు సిమెంటు పేవర్ బ్లాకులు, పార్కింగ్ టైల్సు వాటి పక్కన చేరాయి. రాయి ఏదైనా, కాంట్రాక్టరు గడపలో అడుగు పెట్టగానే గృహస్థు అడిగే మొదటి ప్రశ్న మాత్రం ఒక్కటే: "చదరపు అడుగు ఎంత?" అది చివర అడగవలసిన ప్రశ్న అని నా అభిప్రాయం. మొదట అడగవలసినవి రెండున్నాయి. రాతి కింద ఏమి వేస్తారు? పడిన వాన ఎటు పోతుంది?

చదరపు అడుగు ధరలో ఏమేమి ఉంటాయో ఆలోచించండి. రాయి ధర అందరికీ తెలుసు, దుకాణంలో అడిగితే చెబుతారు. కూలీల రోజు కూలి ఊళ్ళో అందరికీ ఒకటే, దానిని తగ్గించటం కుదరదు, తగ్గించకూడదు కూడా. ఇక మీరు బేరమాడి పదో పదిహేనో రూపాయలు తెగ్గొట్టినప్పుడు ఆ తగ్గుదల ఎక్కడ నుండి వస్తుంది? కంటికి కనిపించని చోటు నుండే వస్తుంది. ఆరంగుళాల గ్రావెల్ మూడంగుళాలవుతుంది. రెండు పొరలుగా తడిపి దిమ్మిసతో కొట్టవలసినది ఒక పొరగా పోసి, పైన రెండు దెబ్బలు కొట్టి ఊరుకుంటారు. ఇది వంచన అని తేలికగా అనేస్తాం. ఆ వంచనకు సగం ధర మనమే చెల్లించామన్న సంగతి మాత్రం గుర్తుండదు.

మా వీధిలో ఒక ఇంట జరిగినది చెబుతాను. ముగ్గురిని పిలిచి ధరలడిగారు, అందరికంటె తక్కువ చెప్పినవారికి పని ఇచ్చారు. నాలుగు రోజులలో పని ముగిసింది, చూడముచ్చటగా ఉన్నది. తొలకరి దాటేసరికి కారు చక్రాలు ఆగే చోట రెండు చాళ్ళు పడ్డాయి. ఆ చాళ్ళలో నీరు నిలిచి పాచి పట్టింది. ఫోను చేస్తే కాంట్రాక్టరు ఎత్తలేదు. చివరకు వేరొక మేస్త్రి వచ్చి నాలుగు బ్లాకులు పీకి చూపించాడు. కింద గుప్పెడు ఇసుక, దాని కింద నేరుగా నల్లరేగడి! రేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకొని బీటలు వారుతుంది. దాని మీద నేరుగా పరిచిన రాయి నేలతో పాటు లేచి కుంగుతూనే ఉంటుంది. రేగడిని తగినంత లోతు తవ్వి తీసి, గ్రావెల్ నింపితే తప్ప మన ప్రాంతంలో ఏ చప్టా నిలవదు. ఈ సంగతి తాపీ పట్టిన ప్రతివానికీ తెలుసు. చెప్పే అవకాశం మనమే ఇవ్వము.

కారు ఆగే చోట బ్లాకు మందం 60 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. మనుషులు నడిచే చోటికి 50 చాలు. దాని కింద ఇసుక పరుపు అంగుళం నుండి అంగుళంన్నర. ఇసుక ఎక్కువైతే మంచిదనుకుంటారు కొందరు. అది పొరపాటు, మందపు ఇసుక చక్రం కింద జరుగుతుంది. దాని కింద గట్టిగా దిమ్మిస కొట్టిన గ్రావెల్ నాలుగు నుండి ఆరు అంగుళాలు. అంటే మొత్తం తవ్వకం ఎనిమిది నుండి పది అంగుళాలు, రేగడి అయితే ఇంకా లోతు. అంచుల వెంట సిమెంటుతో బిగించిన కట్టు రాయి లేకపోతే బ్లాకులు పక్కలకు జరిగి సందులు విచ్చుకుంటాయి. పేవర్ బ్లాకులకు ఐ.ఎస్. 15658 అనే భారతీయ ప్రమాణం ఒకటున్నది. కొనేటప్పుడు ఆ అంకె పలికితే చాలు, అమ్మేవాడి మాట తీరు మారుతుంది.

ఊళ్ళో వారికే పని ఇవ్వమని నేనంటాను. దేశభక్తి వంటి ఊరభక్తితో అనటం లేదు. ఊళ్ళో మేస్త్రి రెండేళ్ళ క్రితం చేసిన పనిని మనం నడిచి వెళ్ళి చూడవచ్చు. ఫోనులో చూపించే ఛాయాచిత్రాలు పని ముగిసిన సాయంత్రం తీసినవి. ఆ సాయంత్రం ఎవరి పనైనా బాగానే ఉంటుంది. రెండు వర్షాకాలాలు గడచిన వాకిలిని, వీలైతే వాన వెలిసిన గంటకు వెళ్ళి చూడాలి. అయితే "మనవాడే" అన్న మాట దగ్గర జాగ్రత్త పడాలి. మనవాడైతే కాగితం అడగటానికి మొగమాటం, తప్పు చెప్పటానికి మొగమాటం. పరాయివాడితో పోయేది డబ్బే, మనవాడితో చుట్టరికం కూడా పోతుంది.

అందుచేత కాగితం వ్రాసుకోవటం అవసరం. స్టాంపు పేపరు, ప్లీడరు అక్కరలేదు; తెలుగులో, ఇద్దరికీ అర్థమయ్యే పది వాక్యాలు చాలు. తవ్వకం లోతు, గ్రావెల్ మందం, బ్లాకు మందం, వాటం ఎటు, తవ్విన మట్టి ఎవరు తీసుకుపోవాలి, డబ్బు ఎప్పుడెప్పుడు ఎంత. మా వీధి వారికి నేను ఇటువంటివి అయిదారు వ్రాసి ఇచ్చాను. బయానా సామానుకు సరిపడా ఇవ్వాలి. రెండవ విడత, గ్రావెల్ కొట్టటం ముగిసి, రాయి కప్పకముందు మనం చూసిన తరువాత ఇవ్వాలి. ఆ ఒక్క రోజు ఇంట్లో ఉంటే తక్కిన రోజులు కాపలా కాయనక్కరలేదు. పదోవంతు మొదటి పెద్ద వాన దాకా ఆపాలని నేనొకసారి వ్రాస్తే, మేస్త్రి కాగితం పక్కన పెట్టి, "మాస్టారూ, వానెప్పుడొస్తుందో నాకేం తెలుసండీ? శనివారం కూలీలకు ఇచ్చుకోవద్దా?" అన్నాడు. న్యాయమైన మాట. "అయితే మోటారు వేసి గొట్టంతో అరగంట నీళ్ళు వదులుదాం, ఎక్కడా నిలవకపోతే అప్పుడే ఇచ్చేద్దాం" అన్నాను. ఒప్పుకున్నాడు. పది అడుగుల పొడుగుకు రెండున్నర అంగుళాల వాటం అతడు రసమట్టం పెట్టి నా కళ్ళ ముందే సరిచూశాడు.

ఇక నీటి సంగతి. ముప్పై అడుగుల పొడుగు, ఇరవై అడుగుల వెడల్పు గల వాకిలి మీద అయిదు సెంటీమీటర్ల వాన పడితే సుమారు 2,800 లీటర్ల నీరు. 200 లీటర్ల డ్రమ్ములు పద్నాలుగు! మట్టి అయితే కొంతైనా తాగేది. సందు లేకుండా చప్టా చేస్తే అంతా గేటు దాటి వీధిలోకి వస్తుంది. వీధిలో సైడు కాలువ ఉంటుంది గదా అనవచ్చు. ఆ కాలువ మీదనే గదా ప్రతి ఇంటివారూ కారు ఎక్కటానికి ర్యాంపు పోయించారు! నీరు అక్కడ అడ్డుపడి, పల్లంలో ఉన్న ఇంటివారి గడపలోకి చేరుతుంది. ఆ ఇంటివారు మన వాకిలి అందాన్ని ఏమని మెచ్చుకోవాలి? ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం వాననీటి సంరక్షణ గురించి చెప్పనే చెప్పింది. చట్టం మాట అటుంచి, వాకిలి పల్లపు మూలన ఒక ఇంకుడు గుంత తవ్వించి వాటాన్ని అటు తిప్పమంటే మేస్త్రికి ఒక రోజు పని. వేపచెట్టు మొదలు చుట్టూ మూడడుగుల మట్టి వదలమంటే అది పని తగ్గటమే. గేటు దగ్గర మూరెడు నేల వదిలితే కళ్ళాపి చల్లటానికి, ముగ్గు పెట్టటానికి చోటుంటుంది. లేకుంటే సంవత్సరం పొడుగునా ఒకే పెయింటు ముగ్గు చూస్తూ కూర్చోవాలి.

పని ముగిసిన నాడు జరిగే రెండు అపచారాలు చెప్పి ఊరుకుంటాను. సిమెంటు మరకలు పోవటానికి యాసిడ్ పోసి కడుగుతామంటారు. నాపరాయి, తాండూరు రాయి, కడప రాయి సున్నపురాళ్ళు. యాసిడ్ పడితే పై నునుపు కరిగి రాయి గరుకెక్కుతుంది. మరకలు పడకముందే తడిగుడ్డతో తుడిపించటం మేలు. సిమెంటు కాంక్రీటు పోయించినవారు కనీసం వారం రోజులు, ఎండాకాలమైతే పది రోజులు తడి ఆరనీయకూడదు. కాంక్రీటు బలాన్ని లెక్కించేది 28 రోజులకు. కారు మాత్రం నాలుగో రోజునే ఎక్కిస్తారు.

రెండవది కొలత. వేపచెట్టు చుట్టూ వదిలిన మట్టిని కూడా చదరపు అడుగులలో కలిపి లెక్క కట్టేవారున్నారు. కొలిచేటప్పుడు టేపు రెండో కొస మీరే పట్టుకోండి.