ప్యానిక్ సర్వేల్లో మన మాట కూడా ఉండాలి



ఉన్నట్టుండి గుండె దడదడలాడుతుంది. ఊపిరి అందదు, చెమటలు పడతాయి, ఇక ప్రాణం పోతుందనిపిస్తుంది. కొద్ది నిమిషాల్లోనే బాగా ఎక్కువై, తర్వాత మెల్లగా తగ్గుతుంది. దీనినే ప్యానిక్ ఎటాక్ అంటారు. వచ్చినవారి అనుభవం తెలుసుకోవడానికి పరిశోధకులు ఇప్పుడు ఇంటర్నెట్ ద్వారా సర్వేలు చేస్తున్నారు. ఫోనుకు వచ్చిన లింకు తెరిచి ప్రశ్నలకు జవాబులు పంపాలి. ఇటువంటివి మంచివేనా?

మంచివేనని మా అభిప్రాయం. ఓ.పి.లో పదిమంది ముందు చెప్పుకోలేని బాధను ఇంట్లో ఒంటరిగా కూర్చుని రాయవచ్చు. "పిచ్చి అంటారేమో, పిల్లకు సంబంధాలు రావేమో" అని నోరు విప్పనివారు మన కుటుంబాల్లో ఎందరో ఉన్నారు. పేరు అడగని సర్వే వారికి మేలు చేస్తుంది.

అయితే ఆ లింకు అందరికీ చేరదు. స్మార్ట్ ఫోను ఉన్నవారికి, తమకున్నది ప్యానిక్ అని ముందే తెలిసినవారికి చేరుతుంది. పల్లె నుండి వచ్చే పెద్దావిడ "గుండె దడ, ఆయాసం, తిమ్మిర్లు" అంటుంది గాని ప్యానిక్ అనదు. ఆమె మాట ఆ సర్వేలో ఉండదు. ఇష్టమైనవారే జవాబిచ్చిన సర్వే ఈ బాధ ఎలా ఉంటుందో చెప్పగలదు గాని, ఎంతమందికి ఉందో చెప్పలేదు.

ఎంతమందికో తెలియాలంటే పద్ధతిగా ఎంచుకున్నవారిని కలిసి అడగాలి. 25 దేశాల్లో అలా అడిగిన సర్వేల ఫలితాలు 2016లో వెలువడ్డాయి. నూటికి సుమారు 13 మందికి జీవితంలో ఒక్కసారైనా ప్యానిక్ ఎటాక్ వచ్చింది. అలా వచ్చినవారిలో ప్యానిక్ డిజార్డర్ అనే జబ్బు ఉన్నది మళ్లీ నూటికి 13 మందికే. అంటే ఒకసారి వచ్చినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. మన దేశంలో 2015-16లో నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో మానసిక ఆరోగ్య సర్వే చేసింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ గాని, తెలంగాణ గాని లేవు.

అందుకే పరిశోధకులను మేము కోరేది ఇది. ప్రశ్నలు తెలుగులో, జనం వాడే మాటల్లో ఉండాలి. ఫోను లేనివారిని ఆసుపత్రిలోనో ఇంటి దగ్గరో మనిషి కలిసి అడగాలి.

మీకు లింకు వస్తే, చేసేది ఎవరో, ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందో లేదో ముందు చూడండి. ఆధార్, బ్యాంకు వివరాలు, ఓ.టి.పి. అడిగితే వెంటనే మానేయండి. జవాబులిస్తుంటే మనసు కలతపడితే మధ్యలో ఆపే హక్కు మీకుంది.

సర్వేలో వచ్చిన మార్కులు చూసి జబ్బు నిర్ణయించుకోకండి. ఛాతీ నొప్పి, ఆయాసం వస్తే "ప్యానిక్ లే" అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి రండి. ఇ.సి.జి., ఇతర పరీక్షలు బాగుండి, బాధ మళ్లీ మళ్లీ వస్తుంటే, "ఏమీ లేదు" అన్న మాటతో ఇంటికి వెళ్లిపోకండి. ప్యానిక్ కావచ్చునా అని డాక్టరు గారిని అడగండి. దీనికి కౌన్సెలింగు, మందులు రెండూ ఉన్నాయి. 2022లో ప్రారంభమైన టెలి మానస్‌కు 14416 నంబరుకు ఫోను చేసి ఉచితంగా మాట్లాడవచ్చు.

ఇంట్లోవారికి ఒక్క మనవి. "నటిస్తోంది" అనకండి. ఆ బాధ నిజమైనది. పక్కన కూర్చుని, ఏమవుతోందో ఆమెనే చెప్పనివ్వండి.