వానపాము లేని పొలంలో కోతపండుగా?

తుంగభద్ర ఎడమ కాలువ కింద, సింధనూరు, కారటగి, గంగావతి చుట్టుపక్కల క్యాంపుల్లో మన తెలుగువాళ్ల కథ ఇంచుమించు ఒకటే. 1953లో డ్యాం నీళ్లు వచ్చాక గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుండి వచ్చాం. నల్లరేగడి చదును చేసి, జొన్న పండే చోట వరి పండించాం. కోతపండుగ రోజు మందిరంలో ఈ కథ గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోండి, తప్పు లేదు. కాని మన మడిలో పార వేసి మట్టిని చూసి ఎన్నాళ్లయింది?

వానపాముకు ఊపిరితిత్తులు లేవు. తడి చర్మంతోనే గాలి పీల్చుకుంటుంది. రెండు కార్లూ వరే వేసి నెలల తరబడి నీళ్లు నిలగడితే దానికి గాలి ఆడదు. గట్లకు చేరుతుంది, లేదా చస్తుంది. మురుగు పోక చౌడు తేలితే ఆ ఉప్పు దాని ఒంట్లో తడిని లాగేస్తుంది. పైగా గుళికలు. కాండం తొలిచే పురుగుకని కార్బోఫ్యూరాన్ చల్లితే వానపామూ పోతుంది. అసలు ఈ ఆయకట్టులో ఎక్కువ భాగం తక్కువ నీటి పంటలకే నిర్ణయించారు. కాలువ పైభాగంలో వరికి దిగినవాళ్లలో మనమే ముందున్నాం, చివరి భూముల కన్నడ రైతుకు నీరందలేదు. ఇక్కడ నీరెక్కువై వానపాము చస్తే, అక్కడ నీరు లేక రైతు అప్పులపాలయ్యాడు. రెండూ ఒకే పాపం.

"అయ్యగారూ, ఆత్మల సంగతి చూడండి, పురుగుల సంగతి మీకెందుకు?" అంటారని తెలుసు. ఆదికాండము రెండో అధ్యాయం తీయండి. హెబ్రీలో ఆదాము పేరు 'అదామా' అనే మాటతో ముడిపడి ఉంది, అంటే నేల. ఏదెను తోటను సేద్యపరచమన్న చోట ఉన్న క్రియకు 'సేవ చేయు' అనే అర్థం కూడా ఉంది. సేవకులమైన మేమంతా ఇది పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాం. పుల్పిట్ మీద మాత్రం చెప్పలేదు.

మన ప్రసంగాల్లో పురుగంటే నీచానికి గుర్తు. పేడ ఎత్తి, చచ్చిన గొడ్డును మోసి, ఊరి చెత్తను ఎరువు చేసిన మన తాతలను కూడా ఈ దేశం పురుగుల్లాగే చూసింది. వానపాము చేసేదీ ఆ పనే. ఇంగ్లాండులో చాలాచోట్ల ఏటా ఎకరానికి పది టన్నులకు పైగా మట్టి వానపాముల కడుపుల గుండా పోతుందని 1881లో డార్విన్ లెక్కకట్టాడు. (ఆ పేరు వినగానే కొందరు నొసలు చిట్లిస్తారు. ఈ ఒక్క పుస్తకానికైనా ఆయన్ని క్షమించండి.)

వర్మీకంపోస్టు బస్తా కొని చల్లితే సరిపోతుందా? ఆ తొట్లలో పెంచే ఎర్ర వానపాములు పేడలో, కుళ్లిన ఆకుల్లో బతికేవి, లోతు మట్టిని గుల్ల చేసేవి కావు. స్థానిక వానపాములను కాపాడుకోమని చెన్నైలో సుల్తాన్ అహ్మద్ ఇస్మాయిల్ దశాబ్దాలుగా చెబుతున్నారు.

కౌలురైతును నిందించడం మాకు ఇష్టం లేదు. 45 కిలోల యూరియా బస్తా పన్నులు, వేపపూత ఖర్చు కాక 242 రూపాయలకు దొరుకుతుంటే, ఏడాది కౌలు మీద ఉన్నవాడు మూడేళ్లకు బాగుపడే నేల కోసం ఈ ఏటి పంటను ఎందుకు తగ్గించుకుంటాడు? అడగాల్సింది భూమి ఉన్నవాళ్లను. పొలాలున్న సంఘాలూ వాళ్లలో ఉన్నాయి. ఎవరు ఎక్కువ పాడితే వారికి ఏడాదికి కౌలు ఇచ్చి, ఆ డబ్బుతో మందిరం ఆవరణంతా సిమెంటు చేయించడం ఏం గృహనిర్వాహకత్వం? అయిదేళ్ల కౌలు కాగితం రాయండి, కౌలు తగ్గించండి, గుళికలు వేయకూడదని, గడ్డి తగలబెట్టకూడదని షరతు పెట్టండి. భూమి లేని కుటుంబాలకు ముందు ఇవ్వండి. వీపున పంపు మోసుకుని ఆ మందు కొట్టేది వాళ్లే కదా!

యౌవనస్థులకు ఒక పని. ఈసారి కోతపండుగ వేలానికి ముందు సంఘం పొలంలో అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు మట్టి తవ్వి వానపాములను లెక్కపెట్టండి. కానుకల జమాఖర్చుతో పాటు ఆ అంకెనూ చదవండి. సున్నా వస్తే సున్నా అనే చదవండి.